ఆ 'మనం'లో మీరున్నారా?

సీసా దోసకాయలది. స్ప్రీవాల్డ్ అనే ప్రాంతం నుంచి వచ్చే ఊరబెట్టిన దోసకాయలకి జర్మనీలో చాలా పేరు. కాయలు ఎవరు తిన్నారో తెలీదు. లేబుల్ సగం ఊడిపోయిన ఖాళీ సీసా మా క్లాసులో కిటికీ గట్టు మీద ఉండేది. దాని పైన గోడకి ఒక కాగితం అంటించారు: 'హియర్ ష్ప్రెషెన్ వీర్ డాయిచ్.' ఇక్కడ మనం జర్మన్ మాట్లాడతాం. క్లాసులో ఎవరైనా సొంత భాషలో మాట్లాడితే సీసాలో ఇరవై సెంట్లు వేయాలి. ఆ సీసా పట్టుకుని బెంచీల మధ్య తిరగడం నా పనుల్లో ఒకటి.

ఇంటర్న్‌షిప్ అయ్యాక యూనివర్సిటీకి రిపోర్టు ఇవ్వాలి. ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు, బోధన పద్ధతుల మీద మీ పరిశీలనలేంటి, ఇలా. పదిహేను పేజీలు రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అందులో ఈ సీసా మాట ఎక్కడా లేదు. ఎందుకు లేదో ఇక్కడ చెప్పాలనిపిస్తోంది.

హైదరాబాద్ ఇఫ్లూలో జర్మన్‌తో బీఏ చేసి, జర్మన్‌ని పరాయి భాషగా బోధించడం మీద ఎంఏ చేయడానికి లైప్‌జిగ్ వెళ్ళాను. చదువులో భాగంగా మూడు నెలలు ఏదైనా భాషా పాఠశాలలో పనిచేయాలి. నాకు దొరికిన బడి ఐజెన్‌బాన్ ష్ట్రాసె దగ్గర్లో, ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేది. ఆ వీధి పొడుగునా షవర్మా కొట్లు, మంగలి షాపులు, అరబ్బీ బోర్డులు, పేవ్‌మెంటు మీదికి పరిచిన కూరగాయలు. నేను బెండకాయలూ కొత్తిమీరా కొనుక్కునేది అక్కడే.

ఆ బడిలో నడిచేది 'ఇంటిగ్రేషన్ కోర్సు'. 2005 నుంచి జర్మన్ ప్రభుత్వం నడిపిస్తున్న ఏర్పాటు ఇది. మామూలు కోర్సులో భాషకి 600 పీరియడ్లు, దేశ చరిత్ర, చట్టం, సమాజం గురించి ఇంకో 100. పీరియడ్ అంటే 45 నిమిషాలు. చివర్లో రెండు పరీక్షలు. రెండో దానిలో 33 ప్రశ్నలు, 15 కి సరైన జవాబు టిక్కు పెడితే పాస్. ఇవి కాగితం మీది లెక్కలు. క్లాసులో కూర్చున్నవాళ్ళకి మాత్రం ఆ సర్టిఫికెట్టు వీసా పొడిగింపు, ఉద్యోగం, భార్యాపిల్లల్ని తెచ్చుకోవడం. నేను ఇఫ్లూలో ఇష్టపడి నేర్చుకున్న భాషే వీళ్ళకి బతుకుతెరువు. ఆ తేడా మొదటి వారంలోనే అర్థమైంది.

మొత్తం పదహారు మంది. ఐదుగురు సిరియా వాళ్ళు, నలుగురు ఉక్రెయిన్ ఆడవాళ్ళు, ఇద్దరు అఫ్గాన్లు, ఇద్దరు ఎరిత్రియా కుర్రాళ్ళు, ఒక వియత్నాం ఆవిడ, ఒక తెలుగావిడ. మొత్తం పదిహేను అయిందని లెక్కపెట్టి ఆగకండి, పదహారోవాడు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఇంకో సిరియా అబ్బాయి. రిజిస్టర్లో ఉంటాడు, కుర్చీలో ఉండడు.

*

మొదటిసారి సీసా చేతికిచ్చినప్పుడు నాకు ఖమ్మం గుర్తొచ్చింది. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. ఐదో క్లాసులో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. టీచరు లేనప్పుడు మానిటరు పేర్లు రాసేది. మంచినీళ్ళ కుళాయి దగ్గర, బాత్రూమ్ దగ్గర, ఎక్కడ పొరపాటున నోరు జారినా పేరు బోర్డెక్కేది. సరిగ్గా ఆ సంవత్సరమే, 2009లో, కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో 'ఇక తెలుగు మాట్లాడను' అన్న అర్థం వచ్చే పలకలు వేలాడేశారని పేపర్లో వచ్చింది. మా నాన్న ఆ వార్త గట్టిగా చదివి తిట్టాడు. మర్నాడు పొద్దున మళ్ళీ ఆయనే నన్ను బడి బస్సు ఎక్కించాడు.

మా క్లాసుకి మానిటరు ఎవరనుకున్నారు? నేనే. పేర్లు రాసేటప్పుడు నా పేరు ఎప్పుడూ రాసుకోలేదు. రాసుకోవాలని తోచనే లేదు. పేర్లు రాసేవాళ్ళు ఆ జాబితాకి బయట ఉంటారన్నది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయే సంగతి.

కాబట్టి ఈ సీసా అన్యాయం అని చెప్పి వ్యాసం ఇక్కడే ముగించడం నాకు తేలిక. చదివేవాళ్ళకీ నచ్చుతుంది. మాతృభాష, వలస, అవమానం, అన్నీ ఒక సీసాలో సర్దేయొచ్చు. కానీ అది పూర్తి నిజం కాదు. ఖమ్మంలో నా క్లాసులో అందరిదీ తెలుగే. ఆ ఫైను మా అందరికీ ఉన్న ఒకే భాషని మా నోట్లోంచి లాక్కుంది. లైప్‌జిగ్‌లో పదహారు మందికీ కలిపి ఉన్న భాష జర్మన్ ఒక్కటే, అదీ ఇంకా సరిగ్గా రానిది. ఒక భాషని ఆ భాషలోనే నేర్పాలన్నది కొత్త పద్ధతీ కాదు. 1878లో అమెరికాలో తన బడి తెరిచిన బెర్లిట్జ్ అనే ఆయన ఈ పద్ధతినే ప్రపంచమంతా తిప్పాడు. పద్ధతికి లోటుపాట్లున్నా దాని వెనక ఒక న్యాయం ఉంది. ఆ న్యాయమేంటో నాకు వియత్నాం ఆవిడని చూశాక తెలిసింది.

ఆవిడకి ముప్ఫై దాటి ఉంటాయి. వాళ్ళ అత్తగారు 1980ల్లో తూర్పు జర్మనీకి ఫ్యాక్టరీ పనికి వచ్చి ఉండిపోయిన మనిషి. ఆ రోజుల్లో అలా ఒప్పందాల మీద వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈవిడ పెళ్ళి చేసుకుని వచ్చింది. క్లాసులో అరబ్బీ వాళ్ళు ఆరుగురు, ఉక్రెయిన్ వాళ్ళు నలుగురు. బ్రేకులో అటు ఒక గుంపు, ఇటు ఒక గుంపు, నవ్వులు. ఈవిడ డబ్బా తెరుచుకుని, ఫోన్ చూసుకుంటూ తినేది. క్లాసు మొదలై అందరూ తప్పుల తడకల జర్మన్‌లోకి దిగాకే ఆవిడకి తోడు దొరికేది. సీసా ఆవిడ జోలికి ఎప్పుడూ రాలేదు. నియమం తప్పాలంటే కూడా పక్కన ఇంకో మనిషి ఉండాలి కదా.

ఒకసారి ఆవిడే అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ: "సీసా మంచిది. సీసా ఉంటే నేను ఒక్కదాన్ని కాదు." మా ఖమ్మం బడిలో ఫైను గురించి నాకున్న కోపమంతా ఆ మాట ముందు కాసేపు ఆగిపోయింది.

*

నాకు సమస్య వచ్చింది నియమంతో కాదు, నాతో.

తెలుగావిడ భీమవరం వైపు నుంచి వచ్చారు. వాళ్ళాయన సాఫ్ట్‌వేర్. నేను తెలుగని మొదటి రోజే కనిపెట్టి, బ్రేకులో కాఫీ మెషిన్ దగ్గరికి వచ్చి "తెలుగువాళ్ళా అండీ?" అన్నారు. ఎన్ని వారాలైందో ఆ 'అండీ' విని. ఏ ఊరు, ఏం చదువు అయ్యాక "ఇంటిపేరేంటండీ?" అని అడిగారు. చెప్పాను. ఒక్క క్షణం కళ్ళలో ఏదో లెక్క తిరిగింది. "అయితే మనవాళ్ళే!"

ఆ 'మన' అంటే ఏంటో తెలుగు తెలిసిన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను సరిదిద్దలేదు. నవ్వాను. నిజం చెప్పాలంటే, ఆ చలిలో ఆ మాట వెచ్చగానే ఉంది. మర్నాడు ఒక చిన్న సీసాలో గోంగూర పచ్చడి వచ్చింది. అప్పట్నుంచి బ్రేకులోనూ, క్లాసు మొదలయ్యాక గుమ్మం దగ్గరా, కాపీలు తీసే మెషిన్ దగ్గరా మేమిద్దరం తెలుగే. ఆవిడకి అర్థం కాని వ్యాకరణం రెండు తెలుగు ముక్కల్లో చెప్పేసేదాన్ని. పాఠం మధ్యలో కూడా, గొంతు తగ్గించి. ఇరవై సెంట్లు ఎప్పుడూ పడలేదు. పడాలని ఇద్దరికీ అనిపించలేదు.

నవంబర్లో ఒక రోజు పాఠం ఇల్లు అద్దెకి తీసుకోవడం గురించి. కుండిగుంగ్స్‌ఫ్రిస్ట్ అనే మాట వచ్చింది. ఇల్లు ఖాళీ చేసే ముందు ఇవ్వాల్సిన గడువు. అద్దెకుండేవాళ్ళయితే మామూలుగా మూడు నెలల ముందు చెప్పాలి. ఆ మాట నోటికి రావడమే కష్టం, అర్థం ఇంకా కష్టం. అలెప్పో నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవారు, యాభై దాటినాయన, అక్కడ దర్జీ. ఆయన పుస్తకం కేసి చూస్తూ ఉండిపోయారు. పక్కనున్న కుర్రాడు వంగి అరబ్బీలో నాలుగు మాటలు చెప్పాడు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. నేను సీసా పట్టుకెళ్ళాను.

కుర్రాడు జేబు తడుముకున్నాడు. పెద్దాయన అతని చెయ్యి ఆపి, తన పర్సులోంచి ఇరవై సెంట్ల బిళ్ళ తీసి సీసాలో వేశారు. తర్వాత గోడ మీది కాగితం చూపించి, వచ్చిన జర్మన్‌లో అడిగారు:

"ఇక్కడ 'వీర్' అని ఉంది. మీరు కూడా వీర్ ఏనా?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయన తెలుగావిడ వైపు చూపించి, "నిన్న, ఇక్కడ, మీరిద్దరూ, ఇండియా భాష" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. దర్జీ కొలత తీసుకునేటప్పుడు అడిగినట్టు అడిగారు. క్లాసు నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "నేను స్టూడెంట్‌ని కాదు కదా, ప్రాక్టికాంటిన్‌ని" అన్నాను. అంటే ఇంటర్న్‌ని.

ఆయన తలూపారు. "ఆఁ. అర్థమైంది" అన్నారు. అర్థమైంది అన్న ఆ మాటే నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆయనకి నిజంగానే అర్థమైంది.

*

తెలుగులో ఆయన ఈ ప్రశ్న అడగాల్సిన పనే లేదు. మనకి 'మనం' ఉంది, 'మేము' ఉంది. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. 'మేం సినిమాకి వెళ్తున్నాం' అంటే నువ్వు ఇంట్లో ఉండు. 'మనం సినిమాకి వెళ్తున్నాం' అంటే చెప్పులు వేసుకో. మూడేళ్ళ పిల్లకి కూడా ఈ తేడా తెలుసు, తెలియకపోతే సినిమా పోతుంది. తమిళంలో నామ్, నాంగళ్ ఉన్నాయి. గుజరాతీ, మరాఠీల్లోనూ ఈ తేడా ఉంది. హిందీలో లేదు. పెరూలోని కెచువా భాషలో ఇలాంటి రెండు మాటలున్నాయని దొమింగో దె సాంతో తోమాస్ అనే స్పానిష్ ఫాదరీ 1560లో అచ్చయిన తన వ్యాకరణంలో రాశాడు. యూరప్ భాషలు మాత్రమే తెలిసినవాడికి అది ఎంత వింతగా తోచిందో.

మర్నాడు నేను ఈ సంగతి క్లాసులో చెప్పాను. చెప్పింది నేర్పడానికి కాదు, నిన్నటి మాట మీద దుప్పటి కప్పడానికి. బోర్డు మీద రెండు వలయాలు గీసి, ఒకదానిలో వినేవాణ్ణి కూర్చోబెట్టి, రెండో దానిలో బయట నిలబెట్టాను. వియత్నాం ఆవిడ చటుక్కున లేచింది. అన్ని వారాల్లో పిలవకుండా లేవడం అదే మొదటిసారి. నా వలయాల కింద రెండు మాటలు రాసింది: లోపల ఉన్నదానికి 'చుంగ్ తా', బయట ఉన్నదానికి 'చుంగ్ తోయ్'. అరబ్బీ వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, అఫ్గాన్లు, ఎరిత్రియా వాళ్ళు వెతుక్కున్నారు. వాళ్ళ ఏ భాషలోనూ లేదు. అప్పటిదాకా ఒంటరిగా తిన్న మనిషికీ, భీమవరం ఆవిడకీ, నాకూ మాత్రమే ఉన్న సరుకు అది.

దర్జీ పెద్దాయన బోర్డు చూసి, గోడ మీది కాగితం చూసి, "మరి ఇది ఏ వీర్?" అన్నారు.

నేను మొదటి రోజు ఆ కాగితాన్ని మనసులో 'మనం' అనే అనువదించుకున్నాను. ఆయనకి మాత్రం నా చేతిలో సీసా ఉన్నంతసేపూ అది వేరేగా వినపడి ఉండాలి. నిజానికి అది మేము కూడా కాదు. 'మేము జర్మన్ మాట్లాడతాం' అంటే కనీసం చెప్పేవాడు మాట్లాడతాడు. నా నోట్లో ఆ మాటకి అర్థం 'మీరు జర్మన్ మాట్లాడండి.' మనం అనే తొడుగు వేసుకున్న మీరు. ఈ తొడుగు మనకి కొత్త కాదు. "మనం అల్లరి చేయకూడదు కదా" అనే టీచరు అల్లరి చేయదు. "మనం రోజూ రెండు ట్యాబ్లెట్లు వేసుకోవాలి" అనే డాక్టరు వేసుకోడు. "ఈ క్వార్టర్ మనం కొంచెం అడ్జస్ట్ అవ్వాలి" అనే మేనేజరు ఏమీ అడ్జస్ట్ అవ్వడు. తొడుగు మెత్తగా ఉంటుంది కాబట్టి లోపల ఉన్నది ఆజ్ఞ అని తెలియడానికి టైమ్ పడుతుంది.

కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్రం పుస్తకంలో ఒక తేడా చూపిస్తాడు. నియమం పెట్టేవాళ్ళు రెండు రకాలు: తను పెట్టిన నియమానికి తనూ లోబడే సభ్యుడు, దేనికీ లోబడనక్కర్లేని ప్రభువు. బీఏలో ఇది పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు చూస్తే ఐదో క్లాసు మానిటరూ, సీసా పట్టుకున్న ఇంటర్నూ ఇద్దరూ ప్రభువులే, జీతం లేని ప్రభువులు. మన రాజ్యాంగ పీఠిక తెలుగులో 'మనం'తో కాదు, 'మేము'తో మాట్లాడుతుంది. బళ్ళో ఉన్నప్పుడు నాకది కాస్త దూరంగా, గంభీరంగా వినపడేది. మనం అంటే బావుండేది కదా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మేము నిజాయితీ తెలుస్తోంది. అక్కడ వినేవాడు వేరే ఎవరూ లేడు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకళ్ళే. పక్కవాడి చేత ఫైను కట్టించడానికి వాడిన మాట కాదది.

*

లైప్‌జిగ్‌లో ఉంటూ ఈ 'వీర్' గురించి ఆలోచించకుండా ఉండటం కష్టం. ఆ ఊరు ఆ మాట మీదే చరిత్రలోకి ఎక్కింది. 1989 అక్టోబర్ 9న సుమారు 70 వేల మంది ఊరి నడిబొడ్డు చుట్టూ ఉన్న రింగురోడ్డు మీద నడిచారు, కాల్పులు జరుగుతాయేమోనన్న భయంతోనే. 'వీర్ జిండ్ దాస్ ఫోల్క్' అన్నారు. దాన్ని తెలుగులో చెప్పాలంటే 'మేమే ప్రజలం.' వినేది ప్రభుత్వం, ప్రజల పేరుతో పాలిస్తూ ప్రజల్ని వినని ప్రభుత్వం. కాబట్టి మేము అనే అనాలి. కొన్ని వారాల్లో గోడ కూలింది, నినాదంలో ఒక చిన్న మాట మారింది. 'వీర్ జిండ్ ఐన్ ఫోల్క్.' మనం ఒకే ప్రజలం. ఇప్పుడు వినేది పశ్చిమ జర్మనీ. జర్మన్ చెవికి రెండు చోట్లా వీర్ అన్నది ఒకటే మాట. తెలుగు చెవికి మేము మనంగా మారింది.

ఇంకో పాతికేళ్ళకి, 2014 నుంచి, పక్కనే ఉన్న డ్రెస్డెన్ వీధుల్లో పెగీడా వాళ్ళు ఆ మొదటి నినాదాన్నే మళ్ళీ ఎత్తుకున్నారు. అవే మాటలు, అదే మేము. కాకపోతే 1989లో ఆ మేము బయట నిలబెట్టింది పైన కూర్చున్న పాలకుల్ని. ఇప్పుడు నిలబెట్టింది సంచులతో వచ్చిన దర్జీల్ని. 2015 ఆగస్టు 31న మెర్కెల్ 'వీర్ షాఫెన్ దాస్' అంది. మనం చేయగలం. జర్మన్లకి అది మనం. అప్పుడు దారిలో ఉన్న సిరియా వాళ్ళకి? ఆవిడే తెలుగులో మాట్లాడి ఉంటే మనమో మేమో ఏదో ఒకటి ఎంచుకోక తప్పేది కాదు. జర్మన్ ఆవిడకి ఆ ఇబ్బంది లేకుండా చేసింది.

ఇలా ఆలోచిస్తూ నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, మన భాష ఎంత నిక్కచ్చి భాషో అని. ఆ గర్వం భీమవరం గోంగూర దగ్గరికి వచ్చి ఆగింది.

వ్యాకరణం రెండు మాటలిచ్చింది. మనమేం చేశాం? వినేవాణ్ణి కలుపుకోడానికి ఇచ్చిన మాటతోనే, వినని వాళ్ళందర్నీ వెలేసే పద్ధతి కనిపెట్టాం. 'మనవాళ్ళేనా?' అన్న ప్రశ్నలో వినేవాడికి పెద్దపీట. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళకి తలుపు. డాలస్‌లో, సిడ్నీలో, బెర్లిన్‌లో, ఎక్కడికెళ్ళినా ఇంటిపేరు అడిగి, లెక్క కట్టి, తేల్చేస్తాం. నా ఇంటిపేరు వేరేదై ఉంటే గోంగూర వచ్చేదా? వచ్చి ఉండొచ్చు, ఆవిడ చెయ్యి పెద్దదే. కానీ 'మన' రాదు. అది వచ్చినప్పుడు నేను అడ్డు చెప్పలేదు. చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. మర్యాద కాదు, సుఖం. ఎవరినో బయట పెట్టిన వలయంలో లోపల కూర్చోవడంలో ఉన్న సుఖం. రెండో మనిషి చేత ఫైను కట్టించే మనమూ, రెండో మనిషికి తెలియకుండా పచ్చడి పంచుకునే మనమూ ఒక తల్లి పిల్లలే.

*

క్లాసు టీచరు నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్ద. ఆ వారం చివర్లో ధైర్యం చేసి ఆవిడతో చెప్పాను: ఈ సీసా తీసేద్దామా, మా ఊళ్ళో ఇలాంటిదే ఉండేది, దాని వల్ల పిల్లలు ఎంత ముడుచుకుపోయేవాళ్ళో చూశాను, అని. ఖమ్మం గురించి చెప్పాను. మానిటరు నేనేనని మాత్రం చెప్పలేదు.

ఆవిడ ఓపిగ్గా విని, "తీసేస్తే వియత్నాం అమ్మాయి సంగతేంటి?" అంది. నాకు జవాబు లేదు. తర్వాత, "నువ్వు ఎన్నిసార్లు వేశావు?" అంది.

"నేనా?"

"నేను రోజూ వేస్తాను. ఉక్రెయిన్ వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పినప్పుడల్లా. నువ్వు చూడలేదా?"

చూడలేదు. ఐదు వారాలు ఆ గదిలోనే ఉన్నాను. బ్రేకుకి ముందు ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళడం చూశాను, కిటికీ తెరవడానికి అనుకున్నాను. సీసాలో సగం బిళ్ళలు ఆవిడవేనట. గోడ మీది 'వీర్' ఆవిడ రాసినప్పుడు మనమే. నా చేతికి వచ్చాకే అది మీరు అయింది. నేను నియమాన్ని తప్పుబట్టడానికి వెళ్ళాను, నియమం నాకన్నా మెరుగ్గా ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. టీచరు బిళ్ళలు వేసినంత మాత్రాన అంతా సమానమైపోదు. ఇరవై సెంట్లు ఆవిడకి ఒకటి, ఫుడ్ కూపన్లు లెక్క చూసుకునే మనిషికి ఇంకొకటి. కోర్సు ఫెయిలయితే ఆవిడకి పోయేదేం లేదు, దర్జీకి ఏడాది పోతుంది. 'మనం' అనే ముందు ఎవరి జేబు ఎంతో చూడాలి. అది నేను తర్వాత ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ ఆలోచించి, ఇక నుంచి అర్థం చెప్పడానికి సొంత భాష వాడితే ఫైను లేదు, కబుర్లకే ఫైను, అని మార్చింది. అర్థానికీ కబుర్లకీ మధ్య గీత ఎక్కడో తేల్చడానికి క్లాసులో అరగంట వాదన జరిగింది, మొత్తం జర్మన్‌లో. ఆ మూడు నెలల్లో అంత జర్మన్ ఎవరూ మాట్లాడలేదు.

భీమవరం ఆవిడతో నేను ఇప్పటికీ మాట్లాడతాను. 'మన' గురించి ఆవిడతో ఒకసారి ఎత్తాను, నాకు చేతనైనంత సున్నితంగా. "అబ్బే, ఊరికే అన్నానండీ, మనసులో ఏం లేదు" అన్నారు. నిజంగానే ఏం లేదు. మనసులో ఏమీ అక్కర్లేకుండానే పనిచేసేవి ఇలాంటి మాటలు. నేను ఇంకా గట్టిగా చెప్పాల్సిందేమో. చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా ఇంటిపేరు అడిగితే "ఎందుకండీ?" అని అడుగుతున్నాను. అంతవరకే వచ్చాను.

దర్జీ పెద్దాయనకి నేనొక జవాబు బాకీ. సోమవారం క్లాసు మొదలవ్వగానే సీసా దగ్గరికి వెళ్ళి, ఆయన చూస్తుండగా ఇరవై సెంట్ల బిళ్ళ వేసి, "అవును, నేను కూడా వీర్ ఏ" అన్నాను. కొంచెం సినిమాటిక్‌గానే అన్నాననుకుంటా, ఎందుకంటే ఆయన ఏమాత్రం కరగలేదు. వేళ్ళు మడిచి లెక్క పెట్టారు.

"శుక్రవారానిది?" అన్నారు. "గురువారానిది? బుధవారం రెండుసార్లు."

పర్సులో చిల్లర చాల్లేదు. రెండు యూరోల బిళ్ళ వేశాను. ఆయన సీసా వైపు వంగి చూసి, నా లెక్క ఇంకా సరిపోలేదన్నట్టు తలూపి, పుస్తకం తెరిచారు.